ఈస్టు గోలీలు - జొన్న రొట్టె

పోయిన దసరాకు పాలమూరు వైపు ఆత్మకూరులో ఉన్న మా పెద్దమ్మను చూడబోయాను. ఎనభై దాటినా మనిషి గట్టిది. నీరసమని కోడలు పట్నం నుంచి తెప్పించుకున్న గోలీల సీసా నా చేతికిచ్చి, “ఏం రాసిందో చదువు బిడ్డా” అంది. సెలీనియం, క్రోమియం, జింకు పట్టించి పెంచిన ఈస్టు అట!

“ఈస్టంటే?”

“కల్లును పులియబెట్టేది అదే పెద్దమ్మా.”

“ఓ యమ్మ! గా దానికి సీసా ఎందుకు?” అని ఒకటే నవ్వు.

నేనూ నవ్వాను గాని, ఈస్టు కథ నవ్వి వదిలేసేది కాదు.

పెల్లాగ్రా అని ఒక జబ్బుంది. ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పొక్కులు లేస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి. ముదిరితే మతి చెడుతుంది, ప్రాణమూ పోతుంది. అమెరికా దక్షిణాదిలో మొక్కజొన్నతోనే కడుపు నింపుకునే బీదవాళ్లు వేలమంది దీనికి బలయ్యారు. అందరూ అంటురోగమని భయపడుతుంటే, 1914లో రంగంలోకి దిగిన జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే డాక్టరు ఇది తిండిలోని లోపమని తేల్చాడు. బీరు తయారీలో వాడే ఈస్టు చవకలో మేలు చేస్తుందనీ కనుక్కున్నాడు. 1927లో మిసిసిపీ వరదలప్పుడు రెడ్‌క్రాస్ వాళ్లు ఆ ఈస్టునే పంచిపెట్టారు. అందులోని గుణం నికొటినిక్ ఆమ్లమనే బి విటమినుదని 1937లో బయటపడింది. పాపం, అది చూడకుండానే ఆయన 1929లో కన్నుమూశాడు.

అమెరికా గొడవ మనకెందుకంటారా? మన దక్కనులో జొన్నలే తిని బతికే పేదల్లోనూ ఇదే జబ్బు ఉన్నదని, జొన్నల్లో లూసిన్ పాలు ఎక్కువ కావడం దానికి కారణం కావచ్చునని, హైదరాబాదులో పోషకాహార పరిశోధన చేస్తున్న గోపాలన్, శ్రీకంఠయ్య గార్లు 1960లో ప్రకటించారు.

ఈ మాట చెప్పేసరికి పెద్దమ్మ నవ్వు ఆగిపోయింది.

“నేను కాపురానికొచ్చిన కొత్తల కూలోళ్లకు మెడలు, చేతులు గట్లనే నల్లబడి పొక్కులు లేస్తుండె. ఎండదెబ్బ అనుకుంటుంటిమి.” కాసేపాగి, “మా ఇంట్ల పప్పు ఉండె. వాళ్లకు రొట్టె, కారమే ఇస్తుంటిమి” అంది.

ఇక ఈ ఖనిజాల ఈస్టు సంగతి. పెంచే ద్రావణంలో సెలీనియం లవణం కలిపితే, ఈస్టు దాన్ని గంధకం బదులు తన మాంసకృత్తుల్లో ఇముడ్చుకుంటుంది. అమెరికాలో రోజుకు 200 మైక్రోగ్రాముల సెలీనియం ఉన్న ఈస్టు ఇచ్చి చూసిన ఫలితాలు 1996లో వెలువడ్డాయి. చర్మ క్యాన్సరు ఆగలేదు గాని, మరికొన్ని క్యాన్సర్లు తగ్గినట్టు కనిపించి ఆశ పుట్టింది. 2001లో ఈస్టు లేకుండా, ఉత్త సెలీనియం మాత్రలతో 35,000 మందికి పైగా మగవాళ్ల మీద పెద్ద పరీక్ష మొదలుపెట్టారు. మేలేమీ కనబడక 2008లో మాత్రలు ఆపించారు. సెలీనియం మోతాదు మించితే జుట్టు రాలుతుంది, గోళ్లు పెళుసెక్కుతాయి. లోటున్న ఒంటికి మందే, లోటు లేని ఒంటికి దానితో పనేముంది?

కోడలు మారుమాట్లాడకుండా సీసా అలమరలో పెట్టేసింది. ఆ పూట పనిమనిషికి అన్నం పెడుతూ పెద్దమ్మ, రొట్టె పక్కన పప్పు రెండు గరిటెలు ఎక్కువే వేసింది.