అంకెలలో మరల ఎగిరిన జంటరెక్కల డేగ

1938వ సంవత్సరము మే 23వ తేదీన ఇటలీ దేశమున ఒక కొత్త యుద్ధవిమానము తొలిసారిగా ఆకాశమునకు లేచినది. దాని పేరు ఫియట్ సి.ఆర్.42. ఇటాలియనులు దానిని ‘ఫాల్కో’, అనగా డేగ, అని ముద్దుగా పిలిచిరి. అప్పటికే ఇంగ్లండులో హరికేన్, జర్మనీలో మెసర్‌ష్మిట్ 109 అను ఒంటిరెక్కల విమానములు సేనలలో చేరియున్నవి. ఇటలీవారి కొత్త విమానమునకు మాత్రము పైన నొకటి, క్రింద నొకటిగా రెండు రెక్కలు. లోపలికి ముడుచుకొనని చక్రములు. పైకప్పు లేని చోదకుని గది. పుట్టుకతోనే పాతబడిన ఈ విమానము సుమారు 1,800 వరకు తయారైనది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఇటలీ మరి యే యుద్ధవిమానమును ఇంత సంఖ్యలో నిర్మింపలేదు.

ఆ యుద్ధము ముగిసి ఎన్నో దశాబ్దములు గడచినవి. నేడు ఫాల్కోలు ఏ కొన్నియో వస్తుప్రదర్శనశాలలలో మిగిలియున్నవి. అయినను ఎన్నడును విమానమెక్కని వారు సైతము దానిని ‘నడుపుచున్నారు’. కంప్యూటరు తెరపై ఆకాశయుద్ధమును అనుకరించు కార్యక్రమములలో ఈ విమానము మరల ఎగురుచున్నది. లోహముతోను గుడ్డతోను చేసిన యంత్రమును అంకెలతో తిరిగి నిర్మించుట ఎట్లు? ఆ పని చేయుటలో చరిత్రకు కలుగు లాభమేమి? ఈ ప్రశ్నలకు సమాధానము ఫాల్కో కథలోనే దొరకును.

పాత విజయము తెచ్చిన చిక్కు

సి.ఆర్. అను అక్షరములలో మొదటిది ‘వేట విమానము’ అను ఇటాలియన్ మాటకు, రెండవది చెలెస్తీనో రోసటెల్లి అను ఇంజనీరు పేరుకు గుర్తు. ఆయన 1920 తరువాతి సంవత్సరములలో ఫియట్ సంస్థకు వరుసగా జంటరెక్కల యుద్ధవిమానములను రూపొందించెను. వానిలో సి.ఆర్.32 అనునది 1936 నుండి 1939 వరకు జరిగిన స్పెయిన్ అంతర్యుద్ధములో మంచి పేరు గడించినది. గాలిలో చటుక్కున తిరుగగల నేర్పే విజయమునకు మూలమని ఇటాలియన్ చోదకులును, అధికారులును గట్టిగా నమ్మిరి. ఆ నమ్మకము నుండియే సి.ఆర్.42 పుట్టినది.

అది చెడ్డ విమానమేమియు కాదు. దాని పై రెక్క పొడవు 9.70 మీటర్లు, క్రింది రెక్క 6.50 మీటర్లు మాత్రమే. రెండు రెక్కల నడుమ ‘డబ్ల్యు’ ఆకారమున గట్టి కమ్ములుండుటచే బిగింపు తీగెలతో పని లేకపోయెను. బెల్జియము, హంగేరీ, స్వీడను దేశములు దీనిని కొన్నవి. స్వీడను ఒక్కటే 72 విమానములను తీసికొనినది. గాలిలో విన్యాసములు చేయుటకు ఇంతకంటె హాయియైన విమానము అరుదని నడిపినవారు మెచ్చుకొనిరి. లోపము విమానములో కాదు, కాలములో నున్నది.

అనుకరణ యంత్రముల పుట్టుక

నేలమీద కూర్చుండి విమానము నడుపుట నేర్చుకొను ఆలోచన చాల పాతది. అమెరికాలోని బింగ్‌హమ్‌టన్ నగరమున ఎడ్విన్ లింక్ అనునతడు 1929 ప్రాంతమున ఇట్టి యంత్రమొకటి చేసెను. ఆతని తండ్రికి సంగీత వాద్యముల కర్మాగార ముండెడిది. ఆర్గన్ వాద్యములో గాలిని నింపు తిత్తులనే వాడి, చిన్న బొమ్మ విమానము అటునిటు ఒరుగునట్లు అమర్చెను. మొదట దానిని జనులు వినోదవస్తువుగానే చూచిరి. 1934లో అమెరికా సైనిక చోదకులు తపాలా మోయుచు, మబ్బులలో దారి కానక పలువురు మరణించిరి. అటుపిమ్మట సైన్యము లింక్ యంత్రములను కొనెను. రెండవ ప్రపంచయుద్ధములో లక్షలమంది వానిపై శిక్షణ పొందిరి.

గాలితిత్తుల స్థానమున గణితమును నిలిపినది కంప్యూటరు. అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయ విద్యార్థి బ్రూస్ ఆర్ట్‌విక్ 1975లో కంప్యూటరుతో విమానగమనమును తెరపై చూపు పద్ధతిని గురించి పరిశోధన వ్యాసము వ్రాసెను. కొన్ని సంవత్సరములకు ఆతడు చిన్న కంప్యూటర్లకు తగిన ‘ఫ్లైట్ సిమ్యులేటర్’ తయారుచేసెను. విశేషమేమనగా, ఆ తొలి కార్యక్రమమునందే మొదటి ప్రపంచయుద్ధపు జంటరెక్కల విమానముతో పోరాడు ఆట యుండెను. 1982లో మైక్రోసాఫ్ట్ సంస్థ దీనిని తన పేర విడుదల చేసినది. అదే సంస్థ 1998లో ‘కంబాట్ ఫ్లైట్ సిమ్యులేటర్’ను వెలువరించినది. ఇందు అభిమానులు తాము నిర్మించిన విమానములను చేర్చుకొన వీలుండెను. మూలములో లేని విమానములు ఈ దారినే ఆటలో ప్రవేశించినవి.

బొమ్మ వేరు, విమానము వేరు

ఫాల్కో రూపమును తెరపై గీయుట ఈ పనిలో ఒక భాగము మాత్రమే. పటములు, ఫోటోలు చూచి వేలకొలది త్రికోణములతో ఆకారమును కట్టుదురు. దానిపై రంగులు, గుర్తులు అద్దుదురు. ఇంతవరకు అది బొమ్మయే. అది విమానము కావలెనన్న గాలిలో దానిపై పనిచేయు బలములను లెక్కగట్టవలెను. కంప్యూటరు ప్రతి సెకనులోను అనేక పర్యాయములు నాలుగు బలములను చూచును: బరువు, రెక్కలు పైకెత్తు బలము, ఇంజన్ ముందుకు లాగు బలము, గాలి నిరోధము. వీనిని కలిపి, మరుక్షణమున విమానమెచ్చట నుండునో నిర్ణయించును.

రెక్కలు పైకెత్తు బలము గాలి సాంద్రతను, వేగపు వర్గమును, రెక్కల వైశాల్యమును, ఒక గుణకమును అనుసరించి యుండును. ఫాల్కో రెక్కల వైశాల్యము 22.4 చదరపు మీటర్లు. యుద్ధమునకు సిద్ధమైనప్పుడు బరువు సుమారు 2,300 కిలోగ్రాములు. అనగా చదరపు మీటరు రెక్కపై సుమారు 102 కిలోగ్రాముల భారము. దాని బ్రిటిష్ ప్రత్యర్థియు, జంటరెక్కలదియు అగు గ్లాడియేటర్‌కు ఈ భారము సుమారు 74. ఒంటిరెక్కల హరికేన్‌కు సుమారు 125.

గుణకము గరిష్ఠముగా 1.4 అనుకొన్నచో, సముద్రమట్టమున ఫాల్కో గంటకు సుమారు 123 కిలోమీటర్లకంటె తక్కువ వేగమున నిలువలేదు. చోదకుడు తన బరువు నాలుగింతలైనట్లు తోచు గట్టి మలుపు తిప్పినచో, రెక్కలు నాలుగింతలు మోయవలెను. వేగపు వర్గము నాలుగింతలు కావలెను గనుక వేగము రెట్టింపు, అనగా 246 కిలోమీటర్లు, ఉండవలెను. అప్పుడు మలుపు వ్యాసార్ధము సుమారు 120 మీటర్లు. మిగిలిన రెండు విమానములకును అదే గుణకము వాడినచో గ్లాడియేటర్‌కు 90, హరికేన్‌కు 150 మీటర్లు వచ్చును. ఇవి ఊహించిన గుణకముతో వేసిన ముతక లెక్కలే అయినను, ఫాల్కో హరికేన్‌కంటె ఇరుకుగా తిరుగగలదని, గ్లాడియేటర్‌తో మలుపుల పందెము వేయరాదని స్పష్టమగుచున్నది. అట్టి మలుపును ఎత్తుగాని వేగముగాని కోల్పోక ఎంతసేపు సాగించగలదనునది ఇంజన్ శక్తిని బట్టి యుండును.

ఇంజన్ పేరులోని రహస్యము

ఫాల్కో ఇంజన్ పేరు ఫియట్ ఎ.74 ఆర్.సి.38. అందు 14 సిలిండర్లు రెండు వరుసలలో చుట్టును అమరియుండును. ‘38’ అను అంకె 3,800 మీటర్ల ఎత్తును సూచించును. పైకి పోవుకొలది గాలి పలుచనై ఇంజన్ శక్తి తగ్గును. దానిని సరిచేయుటకు గాలిని ఒత్తి లోనికి పంపు సాధనము 3,800 మీటర్ల వద్ద 840 అశ్వశక్తి నిచ్చునట్లు అమర్చబడినది. ఆ పైన శక్తి మరల క్షీణించును. అనుకరణలో ఈ ఒక్క సంగతి మరచినచో, ఏ ఎత్తునైనను ఒకే రీతిగా పరుగిడు వింత విమానము తయారగును.

ఫాల్కో అత్యధిక వేగము గంటకు సుమారు 440 కిలోమీటర్లు. హరికేన్ వేగము సుమారు 520. తేడా 80 మాత్రమే గదా అనిపించును. కాని గాలిని చీల్చుకొని పోవుటకు కావలసిన శక్తి వేగపు ఘనమును అనుసరించి పెరుగును. 520ని 440తో భాగించి ఘనము చేసిన సుమారు 1.65 వచ్చును. అనగా అదే ఆకారముతో ఆ వేగము నందుకొనుటకు 840కి బదులు దాదాపు 1,390 అశ్వశక్తి కావలెను. 1941లో ఇటాలియనులు సన్నని ముక్కుగల జర్మన్ ఇంజన్‌ను ఒక ఫాల్కోకు బిగించి సుమారు 520 కిలోమీటర్ల వేగమును సాధించిరి. జంటరెక్కల విమానమునకు అది గొప్ప వేగమే. కాని అదే తరగతి ఇంజన్‌తో ఒంటిరెక్కల విమానము ఇంకను ముందుకు పోవుచున్నప్పుడు ఆ విజయము వలన ఫలితము లేకపోయెను. ఆ ప్రయోగము ఒక నమూనాతోనే ఆగిపోయినది.

అనుకరణ చేయువారిని మోసగించు ఉచ్చు ఒకటి ఇక్కడనే కలదు. ఇంజన్ శక్తిని నూటికి 20 వంతులు హెచ్చించి, గాలి నిరోధమును గూడ అంతే హెచ్చించినచో గరిష్ఠ వేగము మారదు. పుస్తకములోని అంకెతో సరిపోవును. కాని విమానము పైకెక్కు వేగము మాత్రము నిజముకంటె చాల ఎక్కువగును. ఒక్క కొలత సరిపోయినంత మాత్రమున అనుకరణ సరియైనదని నమ్మరాదు. వేగమును పలు ఎత్తులలో, ఎక్కుటను, మలుపును, రెక్కలు పట్టుదప్పు వేగమును వేరువేరుగా పరీక్షింపవలెను.

తుపాకులు, గాయములు

శాంతికాలపు అనుకరణ కొరకు చేసిన విమానమును యుద్ధమునకు మార్చునప్పుడు మరియొక పట్టిక కావలసివచ్చును. తుపాకు లెచ్చట నున్నవి, ఎన్ని గుండ్లు మోయును, ఏ భాగము ఎన్ని దెబ్బలకు విరుగును అనునవి అందు వ్రాయవలెను. ఫాల్కోకు సాధారణముగా 12.7 మిల్లీమీటర్ల బ్రెడా-సఫాట్ తుపాకులు రెండు. అవి తిరుగుచున్న పంకా రేకుల నడుమ నుండి కాల్చవలెను గనుక, రేకు అడ్డువచ్చినప్పుడు ఆగుటచే కాల్చు వడి తగ్గును. ఒక్కొక్కటి సెకనుకు 10 గుండ్లు, గుండు బరువు 35 గ్రాములు అనుకొన్నచో, సెకనుకు మొత్తము 700 గ్రాములు. హరికేన్ రెక్కలలోని 8 చిన్న తుపాకులు సెకనుకు సుమారు 1,700 గ్రాముల సీసమును కురియును. శత్రువు గురిలోనికి వచ్చుట ఒకటి రెండు సెకనులే యైనప్పుడు ఈ తేడా ప్రాణముల తేడా యగును.

ఆటలో గెలుపు సమానముగా నుండవలెనని ఈ అంకెలను కొంచెము పెంచుటకు ఆశ పుట్టును. ఆ క్షణముననే చరిత్ర చెరిగిపోవును.

అంకెలకు అందనివి

1940 శరత్కాలమున ముస్సోలినీ బెల్జియము నుండి ఇంగ్లండుపై దాడి చేయుటకు ఒక విమానదళమును పంపెను. నవంబరు 11వ తేదీన బి.ఆర్.20 బాంబరులు ఫాల్కోల రక్షణలో తూర్పుతీరము మీదికి పోగా హరికేన్‌లు ఎదిరించి పలు విమానములను కూల్చివేసినవి. ఇంజన్ చిక్కువలన ఒక ఫాల్కో ఆర్ఫర్డ్‌నెస్ వద్ద సముద్రపుటొడ్డున దిగినది. బ్రిటిష్‌వారు దానిని బాగుచేసి, ఎగురవేసి పరీక్షించిరి. నేడది రాయల్ ఎయిర్ ఫోర్స్ వస్తుప్రదర్శనశాలలో భద్రముగా నున్నది. కొలతలు కావలసినవారికి అట్టి విమానము అచ్చుకెక్కని గ్రంథము వంటిది.

ఫాల్కో ఉత్తర ఆఫ్రికాలోను, మాల్టా ద్వీపముపైనను పోరాడినది. తూర్పు ఆఫ్రికా ఆకాశమునను ఎగిరినది. ఆ రంగమున 1941లో కెరెన్ కొండల యొద్ద భారత 4వ, 5వ డివిజనుల సైనికులు ఇటలీ సేనలతో ఘోరముగా పోరి గెలిచిరి. గ్లాడియేటర్‌ల వంటి సమానులు ఎదురైనచోట ఫాల్కో నిలిచినది. వేగముగల ఒంటిరెక్కల విమానములు వచ్చినచోట ఓడినది.

జాగ్రత్తగా చేసిన అనుకరణ ఈ కారణమును కంటికి కట్టినట్లు చూపును. ఫాల్కో నడుపువాడు మలుపు తిరిగి హరికేన్‌ను తప్పించుకొనగలడు. కాని హరికేన్ మరల పైకిపోయి, తనకు నచ్చినప్పుడు తిరిగివచ్చును; నచ్చనిచో వెడలిపోవును. వేగముగలవానికి ఎన్నిక కలదు. మలుపు గలవానికి తప్పించుకొనుట మాత్రమే కలదు. ఆటగాడు పది నిమిషములలో గ్రహించు ఈ సత్యమును, గడచిన యుద్ధమునే తలచుకొనుచుండిన అధికారులు గ్రహింపలేదు. ఫాల్కోల ఉత్పత్తి యుద్ధము నడుమకూడ సాగినది.

తెరపై చూపలేనిదొకటి మిగిలిపోవును. నవంబరు నాటి సముద్రముపై పైకప్పు లేని గదిలో, తోటివారితో మాటాడుటకు రేడియోయైనను లేక, చలికి కొయ్యబారిన చేతులతో విమానము నడిపిన యువకుని స్థితికి గుణకము లేదు. ఆటలో కూలినవాడు మీట నొక్కి మరల లేచును. ఆనాడు కూలినవారు లేవలేదు. విమానమును అంకెలలో నిజాయితీగా నిర్మించుట వలన వారికి జరుగు న్యాయ మొకటి కలదు: వారు నేర్పు చాలక ఓడలేదనియు, వారి చేతికిచ్చిన యంత్రమునకు కాలము దాటిపోయినదనియు ఆ అంకెలు సాక్ష్యము చెప్పుచున్నవి.