మురుగు చరిత్ర – 7: మ్యాన్‌హోల్ గ్యాస్, బస్సు గ్యాస్

2021 ఆగస్టు మొదటి వారం. ఎల్బీనగర్ పక్కనే ఉన్న సాహెబ్‌నగర్‌లో రాత్రిపూట మ్యాన్‌హోల్‌లోకి దింపిన ఇద్దరు కాంట్రాక్టు కార్మికులు ప్రాణాలతో పైకి రాలేదు. ఇలాంటి ప్రతి చావుకీ 'విషవాయువు' అని ఒక్క మాట రాసి వదిలేస్తారు. అసలు ఆ వాయువు ఏంటి?

గాలి తగలకుండా మురుగు కుళ్లితే మీథేన్, కార్బన్ డయాక్సైడ్, వాటితో పాటు కొంచెం హైడ్రోజన్ సల్ఫైడ్ పుడతాయి. మనిషిని క్షణాల్లో పడేసేది ఆ కొంచెమే. ఇదే మురుగుని మూసిన ట్యాంకులో కుళ్లబెడితే వచ్చే గ్యాస్‌లో సగానికి పైగా మీథేన్ ఉంటుంది. మిగతావి వడకట్టి, 200 బార్లకు పైగా ఒత్తిడితో సిలిండర్‌లో నింపితే సీఎన్‌జీ బస్సు నడుస్తుంది. సాహెబ్‌నగర్‌లో మనవాళ్లని చంపిందీ, బస్సు ట్యాంకులోకి వెళ్లగలిగేదీ ఒక్క మురుగులోంచి వచ్చిందే.

ఇదేం కొత్త విద్య కాదు. 1897లోనే బొంబాయి మాతుంగాలో కుష్ఠురోగుల ఆశ్రమం మురుగు ట్యాంకు మీద గ్యాస్ పట్టి ఇంజను నడిపారు. గమనించండి, మన దేశంలో ఈ గ్యాస్ కథ మొదలైంది ఊరు వెలివేసిన మనుషుల మురుగుతోనే. 1930లలో జర్మనీ మునిసిపాలిటీలు ఈ గ్యాస్‌తో బండ్లు నడిపాయి. స్టాక్‌హోంలో హెన్రిక్స్‌దాల్ మురుగుశుద్ధి కేంద్రం గ్యాస్ సిటీ బస్సుల్లోకి వెళ్తోంది.

ఇక మన పట్నం. 1908 మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యని పిలిపించి డ్రైనేజీ పథకం వేయించింది. పాఠ్యపుస్తకాల్లో ఆయన ఉంటాడు, ఆ కాలువలోకి దిగినవాళ్లు ఉండరు. వాళ్లకి మిగిలింది 'పాకీ' అన్న పేరు. పారసీలో 'పాక్' అంటే పరిశుద్ధం. శుద్ధి చేసేవాడి పేరునే తిట్టుగా మార్చుకున్న భాష మనది. తెలుగు పాఠం చెప్పేవాడిగా నాకు ఇది ఎప్పుడూ గుచ్చుకుంటుంది.

మూసీ శుద్ధి పథకం కింద అంబర్‌పేటలో 339 ఎంఎల్‌డీ, నాగోల్‌లో 172 ఎంఎల్‌డీ కేంద్రాలు కట్టారు. ఎంఎల్‌డీ అంటే రోజుకి పది లక్షల లీటర్లు. రెండూ యూఏఎస్‌బీ పద్ధతివి. మురుగు కింది నుంచి బురద పొర గుండా పైకి లేస్తుంటే, గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు దాన్ని తింటాయి, పైన గ్యాస్ పట్టొచ్చు. 2021లో 3,866 కోట్లతో మంజూరైన 31 కొత్త కేంద్రాలకు ఎస్‌బీఆర్ పద్ధతి ఎంచుకున్నారు. ఇందులో బ్లోయర్లతో గాలి కొడతారు. నీళ్లు ఇంకా బాగా శుభ్రమవుతాయి, స్థలం తక్కువ పడుతుంది, కాదనను. కానీ కరెంటు బాగా తాగుతుంది, గాలి కొట్టే చోట మీథేన్ పుట్టదు. అంతమాత్రాన గ్యాస్ ఆశ వదులుకోనక్కర్లేదు. స్టాక్‌హోంలోనూ మురుగు నీటికి గాలే కొడతారు, మిగిలిన బురదని వేరే ట్యాంకుల్లో కుళ్లబెట్టి గ్యాస్ తీస్తారు. బురద మనకీ మిగులుతుంది. దాన్ని గ్యాస్ చేయడమా, లారీకెత్తి పారబోయడమా అన్నది ప్రభుత్వం ఇష్టం.

గ్యాస్ చేస్తే అది ఎవరిది?

2018 అక్టోబర్‌లో కేంద్రం 'సతత్' పథకం తెచ్చింది. ప్లాంటు పెట్టినవాళ్ల దగ్గర బయోగ్యాస్‌ని ఆయిల్ కంపెనీలు కొంటాయి. ప్లాంటు పెట్టడానికి భూమి, బ్యాంకు గ్యారంటీ కావాలి. అవి ఎవరి దగ్గరుంటాయో మీకు తెలుసు.

ఇటు మనవైపు లెక్క వేరే. కోలార్ గనుల తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, సఫాయి కర్మచారి ఆందోళన్ ఏళ్ల తరబడి కొట్లాడితే 2013 చట్టం వచ్చింది. 2014లో సుప్రీంకోర్టు మురుగు కాలువ చావుకి 10 లక్షల పరిహారం అంది, 2023లో 30 లక్షలు చేసింది. మురుగులో మన వాటా ఇప్పటిదాకా పరిహారమే.

ఒక్క మినహాయింపు ఉంది. 2017లో జలమండలి, దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీతో కలిసి 70 మినీ జెట్టింగ్ యంత్రాలు రోడ్డెక్కించింది. చిన్న గల్లీల్లోకి దూరే బండ్లు, దళితులే ఓనర్లు. మంచి పనే. అయినా అదీ శుభ్రం చేసే పనే కదా. యంత్రానికి ఓనర్ని చేసినవాళ్లు గ్యాస్‌కి ఎందుకు చేయరు? రేపు నాగోల్‌లో బురద గ్యాస్ టెండర్ పిలిస్తే మురుగు కార్మికుల సహకార సంఘానికి మొదటి హక్కు ఇవ్వాలి, చనిపోయినవాళ్ల కుటుంబాలకి అందులో వాటా ఉండాలి. కొనేవాళ్ల కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, దిల్‌సుఖ్‌నగర్ ఆర్టీసీ డిపో దగ్గరే ఉంది.

వచ్చే భాగంలో ఆ 70 యంత్రాల కాంట్రాక్టుల సంగతి చూద్దాం. జై భీమ్.