కలివికోడి ఆవాస పటాలు

ఉపగ్రహ చిత్రాలకు నేలమీద దొరికిన ఆనవాళ్లను కంప్యూటర్‌లో జోడించి, కలివికోడి బతకగల పొదల నేలలను గుర్తించే పటాలివి. 1900 తర్వాత జాడలేక అంతరించిందనుకున్న ఈ పక్షి 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించింది. దాని కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. కానీ రాత్రిపూట తిరిగే ఈ పిట్టను చూసి లెక్కపెట్టడం చాలా కష్టం. కాబట్టి పిట్టను వెతకడంతో పాటు, అది ఉండగల నేలను ముందే గుర్తించి కాపాడాలి.

బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు, బ్రిటన్ శాస్త్రవేత్తలు కలిసి పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, వాటిపై పడిన అడుగుజాడలను నమోదు చేశారు. 2004లో వెలువడిన ఫలితాల ప్రకారం, రెండు మీటర్లకు మించిన పొదలు హెక్టారుకు సుమారు 300 నుంచి 700 వరకు ఉన్నచోట జాడలు ఎక్కువ. అంటే దానికి కావలసింది దట్టమైన అడవీ కాదు, బోడినేలా కాదు. తుమ్మ, రేగు, కలివి పొదల మధ్య ఖాళీ జాగా ఉన్న నేల. చూసేవారికి అది ఎందుకూ కొరగాని బీడు. దాని విలువను రుజువు చేసేది పటమే. 2005లో తెలుగుగంగ కాలువ పనులు ఈ పొదల్లోకి వచ్చినప్పుడు, ఆవాసం గురించి అప్పటికే సేకరించిన సమాచారం అభ్యంతరాలకు బలమిచ్చింది. చివరకు కాలువ దారి మార్చారు.

అనువైన నేల ఉన్నంత మాత్రాన అక్కడ పక్షి ఉన్నట్టు కాదన్న ఆక్షేపణ న్యాయమైనదే. అందుకే పటాన్ని అడుగుజాడలతో, కూతల రికార్డింగులతో సరిచూడాలి. అయితే పక్షి కనబడలేదని పొదలు దున్నేస్తే, మిగిలిన కొద్దిపాటి పక్షులకూ చోటుండదు. పటాలు వేటగాళ్లకు దారి చూపుతాయన్న భయానికి, కచ్చితమైన స్థానాలను గోప్యంగా ఉంచి విశాల హద్దులనే ప్రకటించడం సమాధానం. పశువుల కాపరుల బతుకు సంగతేమిటన్న ప్రశ్న ఇంకా ముఖ్యమైనది. పొదలు మరీ చిక్కబడినా ఈ పక్షికి పనికిరావు కనుక మితమైన మేతను నిషేధించనక్కరలేదు. ఎక్కడ ఎంత మేపవచ్చో కాపరులతో కలిసి తేల్చడానికీ పటం ఉపయోగపడుతుంది. ఇంతటి పటమూ పరిశోధకుల దగ్గరే ఉండిపోతే ఆవాసం దక్కదు. నేల మారినప్పుడల్లా దాన్ని సవరించాలి. కాలువకో రోడ్డుకో అనుమతి ఇచ్చే అధికారి మొదట దాన్నే చూడాలి.