1946 జనవరి 8: ఒక చలిదినపు లెక్క

శీతకాలమున వార్తల తుదిని వాతావరణ విశేషములు చదువునపుడు, హైదరాబాదులో కనిష్ఠ ఉష్ణోగ్రత ఇన్ని డిగ్రీలని మనము దినదినము వినుచుందుము. చలి మిక్కుటమైననాడు ఆ మాటకు మరియొక మాట తోడగును: ఆ నగరమున లిఖితమైన అన్ని చలులలోను కడపటిది 1946 జనవరి 8వ తేదీనాటి 6.1 డిగ్రీలు అని. ఆ ఒక్క దినమును గూర్చియు, ఆ అంకె మన చెవివరకు వచ్చిన దారిని గూర్చియు కొంత ముచ్చటింపదలచితిమి.

అది పార్థివ సంవత్సరము, పుష్య శుద్ధ పక్షము. సంక్రాంతి వారము దినముల లోపుననే ఉన్నది. ప్రపంచ యుద్ధము ముగిసి ఆరు మాసములైనను నిండలేదు. హైదరాబాదు నిజాము ఏలుబడిలో ఉన్నది. ఇట్టి చలి పడవలెనన్నచో మూడు కూడిరావలెను: ఉత్తరపు పొడిగాలి, మబ్బులేని మిన్ను, ఆకు కదలని రాత్రి. పగలు నేల త్రాగిన వేడిమి రాత్రి మింటికి ఎగసిపోవును. మబ్బున్నచో దుప్పటివలె దానిని కొంత అడ్డగించును. లేనిచో అడ్డు లేదు. సముద్రము చేరువనున్న ఊళ్లకు నీటి వెచ్చదనము కొంత కాపు. అందుచేతనే మదరాసులో నమోదైన మిక్కిలి చలి, 1895 డిసెంబరు 11న ఒకసారి, 1905 జనవరి 29న మరియొకసారి, 13.9 డిగ్రీలకు దిగి ఆగిపోయినది. బెంగుళూరు హైదరాబాదుకన్న ఎత్తుమీద ఉన్నది; అయినను 1884 జనవరి 13న అచట కనబడిన కనిష్ఠము 7.8 మాత్రమే. ఉత్తరపు గాలికి హైదరాబాదు ముందు ఎదురగుటయే ఈ వింతకు ముఖ్యకారణమని మాకు తోచుచున్నది.

ఈ మూడు అంకెలలో ఒక చమత్కారము కలదు. ఆ రోజులలో మన దేశమున ఉష్ణమాపకములను ఫారెన్‌హీటు డిగ్రీలలో చదివెడివారు. సెంటిగ్రేడు వాడుకలోనికి వచ్చినది 1956లో తూనికలు కొలతల చట్టము చేసిన తరువాతనే. 6.1ని వెనుకకు మార్చి చూచినచో 43 వచ్చును; 13.9కి 57, 7.8కి 46. అన్నియు నిండు అంకెలే. అనగా మనము దశాంశముతో వల్లించు ఈ లెక్కలు, నాటి పరిశీలకులు నిండు డిగ్రీలలో వ్రాసినవానికి వేషాంతరములు. ఆ దశాంశమును చూచి ఎంత సూక్ష్మమైన కొలతయో అని మురియుట తగదు.

కొలత ఎట్లు జరుగును? తెల్లని రంగు వేసిన కొయ్య పెట్టె, గాలి ఆడుటకు ప్రక్కల వాలు బద్దలు, నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తు, తలుపు ఉత్తరమునకు. లోపల పరుండబెట్టిన గాజుగొట్టమున సారాయి, దానిలో ఒక చిన్న గాజుపుల్ల. చలికి సారాయి కుంచించుకొనుచు పుల్లను వెనుకకు లాగికొనిపోవును. తిరిగి వెచ్చబడినపుడు ద్రవము పుల్లను దాటి ముందుకు సాగునే కాని దానిని కదపదు. తెల్లవారుజామున ఎవరును చూడని వేళ పడిన చలిని ఉదయము వచ్చిన మనిషి ఆ పుల్లవద్ద చదువుకొనును. కనుక 8వ తేదీ చలి అనునది నిజమునకు 7వ తేదీ రాత్రి ముదిరిన చలియే. వాన లెక్కయు అంతే: ఉదయము ఎనిమిదిన్నరకు కొలిచిన వాన, గడచిన ఇరువది నాలుగు గంటలదైనను, కొలిచిన తేదీకే చెందును.

దక్షిణదేశమున ఈ అలవాటు ప్రాతదే. మదరాసు వేధశాల భవనము 1792లో లేచినది. 1796 నుండి అచట వాతావరణపు లెక్కలు వ్రాసిరి. తెలుగువారిలో మొదట తలపునకు వచ్చువారు విశాఖపట్టణపు గోడే వెంకట జగ్గారావుగారు. మదరాసులో టెయిలరు దొరవద్ద ఖగోళవిద్య నేర్చి, 1840లో తన సొంత ఆవరణలోనే వేధశాల నెలకొల్పిరి. 1856లో వారు గతించిన పిమ్మట అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నిలిపి, ఆకాశముతోపాటు గాలివానలను గూడ పరిశీలించిరి. ప్రభుత్వపు వాతావరణ శాఖ పుట్టినది 1875లో. అప్పటికే ఒక తెలుగు గృహమున ఈ పని ముప్పదియైదేండ్లుగా సాగుచుండెను.

ఇక మా రాచర్ల వైపు చూతము. గిద్దలూరు, మార్కాపురము తాలూకాలు 1970లో ప్రకాశము జిల్లా ఏర్పడువరకు కర్నూలు జిల్లాలోనివి. వాతావరణ శాఖ పుట్టిన మరుసటియేడే ధాత కరవు వచ్చి ఆ జిల్లాను పీడించినది. సర్కారుకు శిస్తు పంటమీద, పంట వానమీద ఆధారపడియుండుటచే తాలూకా కచేరీలలో వాన కొలుచుట ముఖ్యమైనది. చలికి శిస్తు లేదు. కావున దాని లెక్క నగరములకే పరిమితమైనది. బడిపిల్లలకు పలకలనిచ్చిన మార్కాపురపు సీమలో పుష్యమాసపు చలిని ఏ పలకమీదనైనను వ్రాసిపెట్టుకొన్న ఇల్లు అరుదు. పెద్దలు చలిని అంకెతో గాక, నల్లమల దిగువ పల్లములలో మంచు ఎంత ప్రొద్దెక్కువరకు విడువలేదో దానితో జ్ఞాపకముంచుకొందురు. అదియు తప్పు కొలత కాదు. బరువైన చల్లగాలి రాత్రి కొండవాలు జారి పల్లమున నిలుచును.

ఈ మధ్య మండలములలో స్వయంచాలక యంత్రములు వెలసి గంటగంటకు అంకెలు తెలుపుచున్నవి. హైదరాబాదు అంచులలోని ఇట్టి యంత్రములు ఒక్కొక్క ఉదయము బేగంపేట కేంద్రముకన్న మిక్కిలి తక్కువ చూపుచుండుటయు విందుము. వానిని 1946 నాటి అంకెకు ప్రక్కన పెట్టి పోల్చుట న్యాయము కాదు. చోటు వేరు, పరికరము వేరు. నగరపు మేడలును రోడ్లును పగటి వేడిమిని దాచుకొని రాత్రి విడుచుచున్నవి. ముప్పదియేండ్ల లెక్క ఒకే చోట చేరినగాని ఆ ఊరికి సామాన్యమేదో తేల్చరాదని శాస్త్రజ్ఞుల నియమము. మా మండలపు యంత్రమునకు ఇంకను ఆ వయసు రాలేదు.

మరియొక్క సంగతి. రేడియోలో వినబడు డిగ్రీ నాలుగడుగుల ఎత్తున, పెట్టెలోపలిది. నిర్మలమైన రాత్రి గడ్డిమీద చలి అంతకన్న రెండుమూడు డిగ్రీలు, ఒక్కొక్కప్పుడు ఇంకను ఎక్కువ ముదురును. కందిచేనికి కాపున్నవాడును, మందవద్ద పరుండిన గొఱ్ఱెలకాపరియు భరించునది ఆ క్రిందిచలి.