టి కణాలు – సైటోకైన్ల ఉత్పత్తి (చరిత్ర)

శరీరంలోకి చొరబడిన సూక్ష్మజీవిని పసిగట్టాక టి కణాలు తోటి కణాలకు కబురు పంపేందుకు స్రవించే చిన్న ప్రోటీన్లు సైటోకైన్లు. ఇంటర్‌ఫెరాన్ గామా, ఇంటర్‌ల్యూకిన్-2, టీఎన్‌ఎఫ్ వీటిలో ముఖ్యమైనవి. 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ ఇంటర్‌ఫెరాన్‌ను కనుగొన్నారు. 1961లో జాక్ మిల్లర్ రోగనిరోధకతలో థైమస్ గ్రంథి ప్రాధాన్యాన్ని నిరూపించాడు. 1976లో ఇంటర్‌ల్యూకిన్-2 ప్రభావం, 1984లో టి కణ గ్రాహకపు జన్యువులు బయటపడ్డాయి. 1986లో మోస్‌మన్, కాఫ్‌మన్ సహాయక టి కణాలు స్రవించే సైటోకైన్లను బట్టి వాటిని రెండు తెగలుగా విడదీశారు.

ఈ వరుస చూస్తే కథంతా టి కణం చుట్టూనే తిరిగినట్టు అనిపిస్తుంది. నిజానికి టి కణం తనంతట తాను సైటోకైన్లను విడుదల చేయదు. గ్రాహకానికి యాంటిజెన్ తగలడం మొదటి సంకేతం మాత్రమే. డెండ్రైటిక్ కణం మీది బీ7 ప్రోటీన్ టి కణపు సీడీ28ను తాకడం రెండోది. మొదటి సంకేతంతో కణంలో కాల్షియం పెరుగుతుంది, కాల్సిన్యూరిన్ అనే ఎంజైమ్ మేల్కొంటుంది, ఎన్‌ఫ్యాట్ ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లి ఇంటర్‌ల్యూకిన్-2 జన్యువును పనిలోకి దించుతుంది. కిడ్నీ మార్పిడి రోగులకు ఇచ్చే సైక్లోస్పోరిన్ అడ్డుకునేది ఈ మెట్టునే. ఏ సైటోకైన్ తయారవ్వాలన్నది మూడో సంకేతం తేలుస్తుంది. డెండ్రైటిక్ కణాలు ఇంటర్‌ల్యూకిన్-12 పంపితే టి కణం ఇంటర్‌ఫెరాన్ గామా వైపు మొగ్గుతుంది. అంటే ఆదేశం డెండ్రైటిక్ కణాల వంటి సహజ నిరోధక కణాల నుంచే వస్తుంది. 1989లో రోగనిరోధక శాస్త్రవేత్త జేన్‌వే ముందుగా ఊహించింది ఇదే.

ఈ సహజ నిరోధక విభాగంలో ఒక తెలుగు శాస్త్రవేత్త కృషి విశిష్టమైనది. కన్నెగంటి తిరుమలాదేవిది కొత్తగూడెం. వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయం పరిధిలో ఉన్న సింగరేణి మహిళా డిగ్రీ కళాశాలలో రసాయన, జంతు, వృక్షశాస్త్రాలు చదివారు. ఉస్మానియాలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ పూర్తి చేశారు. మొక్కల తెగుళ్ల పరిశోధన నుంచి రోగనిరోధక శాస్త్రానికి మళ్లి, మిషిగన్‌లో పనిచేశారు. 2007లో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో చేరారు. బ్యాక్టీరియా ఆర్‌ఎన్‌ఏ, ఇమిడజోక్వినోలిన్ అణువులు ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 ప్రోటీన్ ద్వారా కాస్పేజ్-1 ఎంజైమ్‌ను ఉత్తేజపరుస్తాయని 2006లో ఆమె, సహచరులు ‘నేచర్’లో చూపారు. కాస్పేజ్-1 ఇంటర్‌ల్యూకిన్-18ను క్రియాశీలం చేస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-18ను మొదట గుర్తించిందే ఇంటర్‌ఫెరాన్ గామాను పుట్టించే కారకంగా. కాబట్టి ఇది మ్యాక్రోఫేజ్‌లనే సహజ నిరోధక కణాల సంగతి, టి కణాల చరిత్రలో దీనికి చోటెందుకన్న అభ్యంతరం నిలవదు.

ఇమిడజోక్వినోలిన్ తరగతి అణువే హైదరాబాద్ కోవిడ్ టీకా కోవాగ్జిన్‌లోనూ ఉంది. అయితే అక్కడ అది సహజ నిరోధక కణాల్లోని టీఎల్‌ఆర్7, 8 గ్రాహకాల ద్వారా పనిచేస్తుంది. అల్యూమినియం జెల్‌కు దాన్ని అతికించింది టి కణాలను ఇంటర్‌ఫెరాన్ గామా వైపు నడిపించడానికే. 375 మందితో జరిగిన తొలి దశ పరీక్షలో ఈ అణువు కలిపిన టీకా తీసుకున్న రెండు వర్గాల్లోని కొందరిలో టి కణ స్పందన కనిపించింది. అలా కనిపించింది 16 మందిలోనే కదా అనవచ్చు. ఆ సంఖ్యతో టీకా రక్షణశక్తిని తేల్చలేం, నిజమే. కానీ ఇక్కడి వాదన రక్షణ గురించి కాదు, ఆదేశం ఎటు నుంచి వస్తుందన్న దాని గురించి. ఆ దిశలో ఈ ఫలితం అనుకూలంగానే ఉంది.

కబురు అందాక ఏమవుతుందన్నదీ కన్నెగంటి బృందమే లోతుగా పరిశీలించింది. 2021లో ‘సెల్’లో వచ్చిన పత్రం ప్రకారం టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ఫెరాన్ గామా విడివిడిగా మ్యాక్రోఫేజ్‌లకు పెద్దగా హాని చేయలేదు. రెండూ కలిసినప్పుడు వాటిని చంపేశాయి. మరణానికి దారితీసిన మార్గం స్టాట్1, ఐఆర్‌ఎఫ్1 ప్రోటీన్ల గుండా సాగి నైట్రిక్ ఆక్సైడ్‌ను పుట్టించింది. కోవిడ్ సోకిన ఎలుకలకు ఈ రెండు సైటోకైన్లనూ అడ్డుకునే యాంటీబాడీలు ఇస్తే మరణాలు తగ్గాయి. ఎలుకల్లో తేలిన ఈ ఫలితం మనుషుల్లో కోవిడ్ చికిత్సగా ఇంకా స్థిరపడలేదు.