పౌను గింజల కూలి

మా మాదిగోళ్లకు చరిత్ర లేదంటారు. శాసనం లేదు, తాళపత్రం లేదు. బెళుగుప్ప చుట్టూ చెరువు కట్టలెవరు పోసినారని వెతికితే రాజుల పేర్లు దొరుకుతాయి, దొరల పేర్లు దొరుకుతాయి. తట్ట మోసినోళ్ల పేర్లుండవు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఆ డిగ్రీ చేతబట్టుకొని వెతికితే, మా లాంటోళ్ల గురించి రాసిన ఒక చోటు కనపడింది. శవపరీక్షల పుస్తకం.

1876లో వానలు ఎగ్గొట్టినాయి. ధాత నామ సంవత్సరం, అందుకే ధాత కరువు. అప్పటికి అనంతపురం జిల్లా పుట్టలేదు, 1882లో గదా బళ్లారి నుంచి చీల్చింది. జనం కరువు పనులకు ఎగబడినారు. వచ్చినోళ్లలో చాలామందికి అక్కర లేదని సర్ రిచర్డ్ టెంపుల్‌కు అనుమానం. 1877 మొదట్లో కూలి కోసేసినాడు. పొద్దంతా రాళ్లు కొట్టి మన్ను మోసిన మగమనిషికి ఒక పౌను గింజలు, పైన కాస్త చిల్లర. ఆడమనిషికి ఇంకా తక్కువ. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఎదురు తిరిగినాడు. పౌనున్నర గింజలు, పప్పు, కూరగాయలు లేకుంటే కష్టజీవి నిలవడన్నాడు. తర్వాత కొంత పెంచి పప్పు చేర్చినారు గానీ, అప్పటికే క్యాంపుల్లో జనం రాలిపోయినారు.

కార్నిష్ మాట ఎందుకు నిజమో తెలియాలంటే ఒంటి లోపలికి పోయి చూడాల. కండ అంటే వెంట్రుకంత సన్నని పోగుల కట్ట. అలవాటు మించి గడ్డపార ఎత్తితే పోగు లోపలి అతుకులు అక్కడక్కడ చిట్లుతాయి. సూక్ష్మదర్శినిలో ఆ గీతలు వరస తప్పి కనపడతాయి. పోగును అంటుకొని శాటిలైట్ కణాలుంటాయి, 1961లో అలెగ్జాండర్ మౌరో గుర్తించినాడు. అవి లేచి, పెరిగి, చిట్లిన పోగులో కలిసి బాగుచేస్తాయి. తిండి, నిద్ర ఉంటే పోగు లావెక్కుతుంది. జిమ్ముకు పోయే పిల్లోని కండ పెరిగేది ఇట్లనే. తిండి లేనోడు అదే గడ్డపార ఎత్తితే? బాగుచేసే సరుకుండదు. ఒళ్లు తన కండనే కరిగించి బతుకుతుంది. గుండె కూడా కండే గదా, అదీ చిక్కిపోతుంది. పేగు గోడ పలచబడి తిన్నదీ వంటబట్టదు. భేదులు పట్టుకుంటాయి.

1944-45లో అమెరికాలో, మిన్నెసోటాలో, ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులకు ఆరు నెలలు అరకడుపు తిండి పెట్టి చూసినాడు. రోజుకు సుమారు 1,570 కేలరీలు. బరువులో నాలుగో వంతు పోయింది, గుండె చిన్నదయింది. వాళ్ల కష్టంలో ముఖ్యమైంది వారానికి 22 మైళ్ల నడక. టెంపుల్ పౌను బియ్యంలో ఉండేది దాదాపు 1,600 కేలరీలు. దాంతో మావాళ్లు రాళ్లు కొట్టినారు.

మద్రాసులో డాక్టర్ అలెగ్జాండర్ పోర్టర్ కరువు శవాలను కోసి చూసి 1889లో పుస్తకం వేసినాడు. చిక్కిన గుండెలు, పలచబడ్డ పేగులు. వాళ్లు మా ఊరోళ్లు కాకపోవచ్చు. మా లాంటోళ్లే. మనిషిని బతికుండగా తూచి కూలి ఇయ్యలేదు, చచ్చినాక గుండెను తూచినారు.

2006 ఫిబ్రవరి 2న మా జిల్లాలోనే, బండ్లపల్లిలో, ఉపాధి హామీ మొదలైంది. మా నాయనా పోయినాడు ఆ పనికి. కూలి గుంత కొలత మీద. మా మొరుసు నేలలో గడ్డపార దిగదు, కొలత మాత్రం దిగాల. రాత్రిళ్లు పిక్కలు పట్టుకుంటే అమ్మ ఆముదం రుద్దేది. ఒక ఎండాకాలం మూత్రం డికాక్షన్ రంగులో పోయింది నాయనకు. "ఎండకు లేరా" అన్నాడు. చిట్లిన కండలోని మయోగ్లోబిన్ రక్తంలో కలిసి, నీళ్లు చాలని ఒంట్లో మూత్రపిండాల సన్న గొట్టాలను మూసేస్తుంది. 1941లో లండన్‌లో, బాంబులకు కూలిన ఇళ్ల కింద నలిగినోళ్లలో బైవాటర్స్ అనే డాక్టరు ఈ దెబ్బను వర్ణించినాడు. కూలిన ఇల్లే అక్కర్లేదు, మే నెల ఎండా గడ్డపారా చాలు.

ఈ ఏడు తొమ్మిదో తరగతి పిల్లలకు కణజాలాల పాఠం అయినాక ఒక పని ఇచ్చినాను. ఇంట్లో పెద్దోళ్లు ఏ చెరువు, ఏ రోడ్డు, ఏ బావి పనికి పోయినారు, ఏ ఏడు, కూలెంత, ఒంట్లో ఇప్పుడు ఎక్కడ నొప్పి. పేరు పెట్టి రాసుకు రమ్మన్నాను. కాగితాలు వస్తున్నాయి.