మగ్గం నుంచి మోటారు దాకా: కైజెన్ పుట్టుపూర్వోత్తరాలు

పని జరిగే చోటే, పని చేసేవాళ్ల చేతుల మీదుగానే, పని తీరును కొద్దికొద్దిగా బాగుచేసుకుంటూ పోయే జపాన్ పద్ధతికి కైజెన్ అని పేరు. ఇవాళ ఆస్పత్రుల్లో, బ్యాంకుల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో కూడా వినిపించే ఈ మాట వెనుక నూరేళ్లకు పైబడిన ఫ్యాక్టరీ చరిత్ర ఉంది. అందులో చాలా భాగం జపాన్‌లోని నాగోయా నగరం చుట్టుపక్కల, ఒకే కుటుంబం నడిపిన మగ్గాల, కార్ల ఫ్యాక్టరీల్లో నడిచింది.

కథ మొదలయ్యేది మగ్గం దగ్గర. సకిచి టొయోడా 1867లో, ఇప్పటి షిజువోకా ప్రాంతంలో ఒక వడ్రంగి ఇంట పుట్టాడు. ఇంట్లో తల్లి చేతిమగ్గం మీద పడే కష్టాన్ని చూస్తూ పెరిగాడు. 1891లో మెరుగుపరిచిన కొయ్యమగ్గానికి పేటెంట్ సంపాదించాడు. 1896 నాటికి మరమగ్గం తయారుచేశాడు. పేక తెగితే అది తనంతట తానే ఆగిపోయేది. ఈ ఆలోచనకు పూర్తి రూపం 1924లో వచ్చిన జి-టైప్ ఆటోమేటిక్ మగ్గం. కండెలో నూలు అయిపోవస్తే, మగ్గం వేగం తగ్గకుండానే పాత నాడె స్థానంలోకి కొత్త నాడె వచ్చి పడేది. పడుగులో ఒక్కో పోగు మీద ఒక్కో పలుచని లోహపు రేకు వేలాడేది. పోగు బిగువుగా ఉన్నంతసేపు రేకు పైనే నిలిచేది. పోగు తెగిన మరుక్షణం కిందికి జారి మగ్గాన్ని ఆపేసేది.

ఆ రేకు చేసిన పని చిన్నదేమీ కాదు. అది లేనప్పుడు తెగిన పోగుతోనే గజాలకొద్దీ పనికిరాని గుడ్డ నేసుకుపోకుండా మగ్గం దగ్గర మనిషి కాపలా కాయాల్సి వచ్చేది. రేకు వచ్చాక ఒకే పనివాడు దాదాపు ముప్పై మగ్గాలను చూసుకోగలిగాడు. ఆగిన మగ్గం దగ్గరికి మాత్రమే అతను వెళ్తే చాలు. లోపం పుట్టిన చోటే యంత్రం ఆగాలి, ఆగిన కారణం అప్పుడే తేలాలి అన్న ఈ సూత్రాన్ని జపాన్‌లో జిదోకా అంటారు. 1929లో ఇంగ్లండ్‌లోని లాంకషైర్ ప్రాంతంలో, ఓల్డ్‌హామ్‌కు చెందిన ప్లాట్ బ్రదర్స్ కంపెనీ ఈ మగ్గం హక్కులను లక్ష పౌండ్లకు కొనుక్కుంది. ప్రపంచానికి మరమగ్గాలు అమ్మిన లాంకషైర్, ఒక వడ్రంగి కొడుకు దగ్గర మగ్గం కొన్నదన్నమాట.

సకిచి 1930లో చనిపోయాడు. కొడుకు కీచిరో 1933లో మగ్గాల కంపెనీలోనే మోటారు విభాగం తెరిచాడు. 1937లో అది టొయోటా మోటార్ కంపెనీ అయింది. మరుసటి ఏడాది కొరోమో ఊళ్లో కొత్త ఫ్యాక్టరీ మొదలైంది. ఆ ఊరి పేరునే 1959లో టొయోటా అని మార్చారు. కావాల్సిన భాగం కావాల్సిన వేళకు, కావాల్సినంతే రావాలి, గోదాముల్లో సరుకు పేర్చుకోకూడదు అన్న ‘జస్ట్ ఇన్ టైమ్’ ఆలోచన కీచిరోదే. యుద్ధం రావడంతో అది చాలావరకు ఆలోచనగానే మిగిలిపోయింది.

ఓడిపోయిన జపాన్‌లో పెట్టుబడికి కరువు, ముడిసరుకుకు కరువు. 1949లో డెట్రాయిట్ బ్యాంకర్ జోసెఫ్ డాడ్జ్ సలహాతో అమెరికా ఆక్రమణ ప్రభుత్వం అమలుచేసిన పొదుపు విధానం ద్రవ్యోల్బణాన్ని అణచింది కానీ, దాంతోపాటు కంపెనీల ఊపిరి కూడా బిగబట్టింది. అమ్ముడుపోని లారీలు, చెల్లించలేని జీతాలతో టొయోటా దివాలా అంచుకు చేరింది. బ్యాంకులు అప్పివ్వడానికి షరతులు పెట్టాయి. 1950 వసంతంలో పనివాళ్ల తొలగింపు మీద సమ్మె జరిగింది. చివరకు చాలామంది ఉద్యోగాలు వదులుకున్నారు, వాళ్లతోపాటు కీచిరో కూడా అధ్యక్ష పదవి వదులుకున్నాడు. 1952లో ఆయన చనిపోయాడు. కంపెనీని ఒడ్డున పడేసింది 1950 జూన్‌లో మొదలైన కొరియా యుద్ధం, దానికోసం అమెరికా సైన్యం ఇచ్చిన లారీల ఆర్డర్లు. ఆ సమ్మె తర్వాత కుదిరిన సర్దుబాటు ఏ యంత్రం కన్నా ముఖ్యమైనది. శాశ్వత ఉద్యోగులను ఇక తొలగించబోమని యాజమాన్యం, పని తీరులో మార్పులకు సహకరిస్తామని కార్మిక సంఘం ఒక అవగాహనకు వచ్చాయి. తన సలహా తన ఉద్యోగానికే ఎసరు పెట్టదన్న భరోసా లేనిదే ఏ పనివాడూ మనసు విప్పి సలహా ఇవ్వడు. కైజెన్‌కు పునాది అక్కడ పడింది.

ఈ పద్ధతి మొత్తం జపాన్ మట్టిలోనే మొలిచిందనుకుంటే పొరపాటు. రెండో ప్రపంచయుద్ధకాలంలో అమెరికా తన ఫ్యాక్టరీ మేస్త్రీల కోసం ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ అనే శిక్షణ నడిపింది. పనిని చిన్నచిన్న అంశాలుగా విడగొట్టి, ఇది ఎందుకు అవసరం, ఎక్కడ చేయాలి, ఎప్పుడు చేయాలి, ఎవరు చేయాలి, ఎలా చేయాలి అని ప్రతి అంశాన్నీ ప్రశ్నించడం అందులో ఒక భాగం. ఆక్రమణ కాలంలో అది జపాన్‌కు చేరింది. అమెరికాలో యుద్ధంతోపాటే ఆ శిక్షణ అటకెక్కితే, జపాన్‌లో తరాల తరబడి సాగింది. 1950లో అమెరికా గణాంకవేత్త ఎడ్వర్డ్స్ డెమింగ్ వచ్చి నాణ్యత నియంత్రణ మీద ఉపన్యాసాలిచ్చాడు. మరుసటి ఏడాది ఆయన పేరిట బహుమతి నెలకొల్పారు. 1954లో మరో అమెరికా నాణ్యత నిపుణుడు జోసెఫ్ జురాన్ వచ్చాడు. వాళ్లు ఇంజనీర్లకు, మేనేజర్లకు చెప్పిన విద్యను కవోరు ఇషికావా వంటివారు కార్మికుల దాకా దించారు. 1962 నుంచి క్వాలిటీ సర్కిళ్లు మొదలయ్యాయి: ఒకే చోట పనిచేసే కొద్దిమంది క్రమం తప్పకుండా కూర్చుని, తమ సమస్యను తామే లెక్కలు వేసి తేల్చుకోవడం. సమస్యకు గల కారణాలను చేపముల్లు ఆకారంలో గీసుకునే బొమ్మ ఇషికావా ఇచ్చిందే.

1950లోనే కీచిరో బంధువు ఎయిజి టొయోడా అమెరికా వెళ్లి ఫోర్డ్ ఫ్యాక్టరీలు చూశాడు. అప్పట్లో ఫోర్డ్ రోజుకు 8,000 దాకా వాహనాలు తయారుచేస్తుంటే, టొయోటా 40 తయారుచేస్తోంది. ఆయన తిరిగొచ్చాక, 1951లో, అక్కడ చూసిన సలహాల పెట్టె పద్ధతిని టొయోటాలో ప్రవేశపెట్టారు. 1980ల మధ్యకల్లా పనివాళ్లు ఇచ్చే సలహాలు ఏడాదికి ఇరవై లక్షలు దాటాయి. వాటిలో ఎక్కువ భాగం పనిముట్టు పెట్టే చోటు మార్చడం, బల్ల ఎత్తు సవరించడం లాంటివే.

వీటన్నిటినీ ఒక వ్యవస్థగా అల్లినవాడు తాయిచి ఓనో. 1912లో చైనాలోని దాలియన్‌లో పుట్టిన ఓనో మొదట టొయోడా నూలుమిల్లులో చేరాడు, 1943లో కార్ల కంపెనీకి మారాడు. ఒక మనిషి ముప్పై మగ్గాలు చూసే మిల్లు నుంచి వచ్చినవాడికి, ఒక్కో మిషన్ దగ్గర ఒక్కో మనిషి నిలబడి ఉండటం వింతగా తోచింది. మిషన్లను ఎదురుబొదురుగా, వంపు తిప్పి అమర్చి ఒక్కరికే రెండు మూడు అప్పగించాడు. నైపుణ్యం ఉన్న పనివాళ్లు దీన్ని గట్టిగా ఎదిరించారు. ఒప్పించడానికి ఏళ్లు పట్టింది.

ఫోర్డ్ పద్ధతి ఒకే రకం కార్లు లక్షలకొద్దీ అమ్ముడుపోయే దేశానికి సరిపోతుంది. జపాన్‌లో చాలా రకాలు, కొద్దికొద్దిగా కావాలి. దానికి ఓనో ఆదర్శంగా తీసుకున్నది అమెరికా సూపర్‌మార్కెట్. కొనేవాళ్లు తీసుకెళ్లినంత మేరకే అరలు తిరిగి నిండుతాయి. ఫ్యాక్టరీలో వెనుక విభాగం ముందు విభాగానికి సరుకు తోసేయడం మానేసి, ముందు విభాగం తనకు కావాల్సింది వచ్చి తీసుకెళ్లే ఏర్పాటు చేశాడు. దీనికి వాడిన కార్డే కాన్‌బాన్. ప్లాస్టిక్ తొడుగులో పెట్టిన ఆ చీటీ మీద భాగం నంబరు, ఎన్ని కావాలి, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్న వివరాలు ఉంటాయి. పెట్టెలోని సరుకు వాడటం మొదలుపెట్టగానే చీటీ వెనక్కి వెళ్తుంది. చీటీ రాకపోతే ఒక్క ముక్క కూడా తయారుచేయకూడదు. 1960ల మొదట్లో ఇది కంపెనీ అంతటా అమల్లోకి వచ్చింది.

వృథాను ఓనో ఏడు రకాలుగా విడగొట్టాడు: అవసరానికి మించిన ఉత్పత్తి, నిరీక్షణ, అనవసర రవాణా, అనవసర ప్రక్రియ, నిల్వ, అనవసర కదలిక, లోపాలు. మొదటిదాన్ని అన్నిటికన్నా చెడ్డదిగా ఎంచాడు. మిగతా వృథాలను నిల్వల చాటున దాచేది అదే కనుక. అసెంబ్లీ లైన్‌లో తేడా కనిపిస్తే ఎవరైనా పైనున్న తాడు లాగవచ్చు. తాడు లాగగానే దీపం వెలుగుతుంది, మేస్త్రీ పరుగున వస్తాడు. కారు తర్వాతి హద్దు చేరేలోగా సంగతి సర్దుకోకపోతే లైన్ మొత్తం ఆగుతుంది. లోపాన్ని సరిచేయడంతో పని ముగియదు; ఎందుకు, ఎందుకు అని ఐదుసార్లు అడిగి అసలు కారణం పట్టుకోవాలి. సకిచి మగ్గంలో రేకుకున్న అధికారం ఇక్కడ కూలీ చేతికి వచ్చింది. ఆ కాలపు ఫ్యాక్టరీ ప్రపంచంలో ఇది మామూలు విషయం కాదు.

కొద్దికొద్దిగా రకాలు మార్చి చేయాలంటే లోహపు రేకులను నొక్కి ఆకారం ఇచ్చే ప్రెస్‌లో అచ్చు (డై) మార్చే సమయం తగ్గాలి. 1969లో టొయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్‌కు డై మార్చడానికి నాలుగు గంటలు పట్టేది. ఇంజనీర్ షిగియో షింగో బృందంతో కలిసి ముందు దాన్ని గంటన్నరకు దించాడు. ఆ తర్వాత, ప్రెస్ నడుస్తుండగానే చేసిపెట్టుకోగల పనులన్నిటినీ ముందే పూర్తిచేసేలా విడదీసి, మూడు నిమిషాలకు తెచ్చాడు.

1973 చమురు సంక్షోభం దాకా వీటిని బయట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ దెబ్బ నుంచి టొయోటా ఇతరుల కన్నా త్వరగా కోలుకోవడంతో ముందు జపాన్ కంపెనీలు, ఆపైన విదేశాలు దాని వైపు చూశాయి. 1984లో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, జనరల్ మోటార్స్ రెండేళ్ల కిందట మూసేసిన ఫ్యాక్టరీని ఆ కంపెనీ, టొయోటా కలిసి తెరిచాయి. గైర్హాజరుకు, గొడవలకు పేరుమోసిన పాత పనివాళ్లనే ఎక్కువగా తీసుకుని, కొన్ని వందలమందిని జపాన్‌లో శిక్షణకు పంపారు. రెండేళ్లలో అది జనరల్ మోటార్స్ కర్మాగారాల్లో నాణ్యతకు ముందువరసలో నిలిచింది. 1988లో అమ్మకాలు పడిపోయినప్పుడు కూడా ఎవరినీ తీసేయకుండా శిక్షణలో పెట్టారు. ఇతర ఫ్యాక్టరీలు తాళ్లు కట్టాయి, కార్డులు పెట్టాయి. ఉద్యోగ భరోసా మాత్రం ఇవ్వలేదు. అనుకరణలు చాలాచోట్ల వెలవెలబోవడానికి ఇదొక పెద్ద కారణం. 1986లో మసాకి ఇమాయి ‘కైజెన్’ పుస్తకంతో ఆ పేరు, 1990లో ఎంఐటీ పరిశోధకుల పుస్తకంతో ‘లీన్’ అన్న పేరు ప్రపంచమంతా పాకాయి.

భారతదేశానికి ఈ పద్ధతులు జపాన్ వాహనాలతోపాటే వచ్చాయి. 1983 డిసెంబరులో గుర్‌గావ్‌లో తొలి మారుతి 800 బయటికి వచ్చింది. అందరికీ ఒకే యూనిఫాం, ఒకే క్యాంటీన్ అక్కడి నియమం. అదే దశాబ్దంలో హైదరాబాద్ ఆల్విన్, నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో తేలికపాటి లారీలు తయారుచేసింది. 1998లో చెన్నైకి చెందిన సుందరం క్లేటన్ డెమింగ్ బహుమతి పొందిన తొలి భారతీయ సంస్థ అయింది. 2016లో శ్రీసిటీలో ఇసుజు ఫ్యాక్టరీ మొదలైంది.

నిల్వలు లేని వ్యవస్థ ఎంత పెళుసో 1997 ఫిబ్రవరి 1న తేలింది. కరియాలోని ఐసిన్ ఫ్యాక్టరీ తగలబడి, టొయోటా కార్లకు బ్రేకు వాల్వులు ఆగిపోయాయి. చేతిలో నిల్వ లేక రోజుల్లోనే టొయోటా లైన్లు నిలిచిపోయాయి. అయితే కుట్టుమిషన్ల బ్రదర్ కంపెనీతో సహా పదులకొద్దీ సంస్థలు తమ మిషన్ల మీద వాల్వులు తయారుచేసి, వారంలోపే ఉత్పత్తిని తిరిగి నడిపించాయి.

మనుషుల మీద పడిన భారం అంత త్వరగా తీరలేదు. పాత్రికేయుడు సతోషి కమతా 1972లో టొయోటాలో తాత్కాలిక కార్మికుడిగా చేరి, లైన్ వేగం ఒంటిని ఎలా నలిపేస్తుందో పుస్తకంగా రాశాడు. శాశ్వత ఉద్యోగులకున్న భరోసా అలాంటివారికి లేదు. 2002లో 30 ఏళ్ల ఉద్యోగి ఒకరు పని భారంతో ఫ్యాక్టరీలోనే కుప్పకూలి మరణించాడు. క్వాలిటీ సర్కిల్ సమావేశాలు, సలహాలు రాయడం స్వచ్ఛందమే కనుక పని గంటల్లోకి రావన్న వాదనను 2007లో నాగోయా కోర్టు తోసిపుచ్చింది. అవి కూడా పనే అని తేల్చి ఆ ఉద్యోగి భార్యకు పరిహారం దక్కేలా తీర్పిచ్చింది. 2008లో టొయోటా క్వాలిటీ సర్కిల్ గంటలకు ఓవర్‌టైమ్ పూర్తిగా చెల్లించడం మొదలుపెట్టింది.